పదకొండు సార్లు అరిచిన చిన్న లస్మిని

2026 మార్చి 20, శుక్రవారం. పోలీసు స్టేషను, కిటికీ పక్కన ఉన్న బల్ల దగ్గర, మధ్యాహ్నం 2:40కి మొదలైంది. రాసుకుంటున్నది విచారణ అధికారి ఇ దేవా గెదె ముస్తికా.

నా పేరు ని వయాన్ లస్మిని. వయసు నలభై ఎనిమిది. గృహిణిని. భర్త పేరు ఇ మాదె కెర్తా, మా పేట పెద్ద. మాది గియాన్యార్ జిల్లా సెకర్‌పాదీ గ్రామం. ఇంటి వెనక వరిపొలం ఉంది. ఇంటి గడప నుంచి పొలం గట్టు మీది బాతుల పాకకు రెండు వందల పది అడుగులు. ఈ లెక్క ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ నడిచి చూసుకున్నాను.

ఇది ఈ రోజు నేను ఇస్తున్న రెండో వాంగ్మూలం. మొదటిది ఉదయం 8:30కి ఊరి సభామంటపంలో ఇచ్చాను. అందులో ఒకే వాక్యం ఉంది. ఉదయం ఆరు వరకు నేను ఇంటి గడప దాటలేదని. ఆ వాక్యం అబద్ధం. నిజానికి ఆ మాట నేను అనలేదు, నా భర్త అన్నాడు, నేను తలూపాను. కింద సంతకం మాత్రం నాదే.

మొదలుపెట్టే ముందు అధికారిని ఒకటి అడిగాను. యుస్రోన్‌ను ఇంకా ఇక్కడే ఉంచారా అని. ఉంచామన్నారు. అతని బస్సు సాయంత్రం 5:30కి, పెద్ద రోడ్డు మీద. ఆ బస్సు దొరికితేనే రాత్రి పడవలో సముద్రం దాటి, తెల్లవారేసరికి జావాలోని బన్యువాంగిలో తన వాళ్లతో పండగ నమాజు చేస్తాడు. అందుకని నేను త్వరగా చెబుతాను. అయినా వరసగానే చెబుతాను, వరస తప్పితే నాకు చెప్పడం రాదు.

యుస్రోన్ వయసు ముప్పై ఒకటి. జావా నుంచి వచ్చి ఏడేళ్లయింది. మా పొలం అవతలి చివర గది అద్దెకు తీసుకుని, ఫ్యాన్లు, మోటార్లు, ఫోన్లు బాగుచేస్తాడు. మా నీటి సంఘం పిట్టల్ని తోలే రోబోను తెప్పించినప్పుడు విడి భాగాలుగా వచ్చింది. బిగించింది అతనే. నాలుగు చక్రాల బండి, దాని మీద నా నడుమెత్తు కర్ర బొమ్మ, రెండు చేతులకు మెరుపు కాగితాలు, తలలో దీపం, పొట్టలో స్పీకరు. గట్టు మీద పరిచిన చెక్కల దారిలో అటూ ఇటూ తిరుగుతుంది. ఫోనులో ఒక వెబ్ పేజీ తెరిచి దాన్ని నడపాలి. ఆ పేజీలో ముందుకు, వెనక్కు బాణాలు, దీపానికి ఒక బటను, గొంతుకు ఒక బటను, ఆపడానికి ఒక ఎర్ర బటను ఉంటాయి. కింద వారం పట్టిక ఉంటుంది. ఏడు రోజులకు ఏడు వరసలు, వరసకు ఇరవై నాలుగు గడులు, గంటకొకటి. నింపిన గడుల్లో అది తనంతట తాను పనిచేస్తుంది, ఖాళీ గడుల్లో నిలబడి ఉంటుంది.

పేజీకి పాస్‌వర్డు ఇద్దరికే ఉంది. ఒకటి నాది, ఒకటి యుస్రోన్‌ది. నడిపే పని నాకెందుకు ఇచ్చారంటే, పిట్టల్ని తోలడం ఎప్పుడూ ఆడవాళ్ల పనే. పైగా నేను అన్నీ రాసుకుంటాను. వంటగ్యాసు ఏ రోజు మార్చాం, నైవేద్యానికి ఎన్ని ఆకుబుట్టలు అల్లాను, పందికి తవుడు ఎన్ని గిన్నెలు పోశాను, అన్నీ. రోబోకూ ఒక పుస్తకం పెట్టాను, నీలం అట్టది. అది మీ బల్ల మీద పెట్టాను.

దానిలో ఉన్న గొంతు నాదే. మార్చి రెండున యుస్రోన్ కొట్లో రికార్డు చేశాం. మొదటి మూడుసార్లు అతను నవ్వాడు.

"అక్కా, ఇలా అయితే పిట్టలు వెళ్లవు. భోజనానికి పిలిచారనుకుని చుట్టాల్ని కూడా తీసుకొస్తాయి" అన్నాడు.

నాలుగోసారి మా ఆయన చిన్నాన్న కొడుకుల్ని తలచుకుని అరిచాను. "హోయ్! సిగ్గులేదా? తిన్నది చాలు, లేచి పోండి!" అదే ఉంచాడు. ఆరు నిమిషాలకు ఒకసారి అరుస్తుంది. ఆ రోజు నుంచి ఊళ్లో దాని పేరు చిన్న లస్మిని. సంతలో నన్ను చూసి, "పెద్దమ్మాయి వచ్చింది, చిన్నది ఎక్కడ?" అని అడుగుతారు. నేను మామూలుగా గట్టిగా మాట్లాడను. ఇంట్లో అసలు మాట్లాడను.

మంగళవారం, మార్చి 17, సాయంత్రం 4:10కి యుస్రోన్ కొట్టుకు వెళ్లాను. వరి పాలకంకి మీద ఉంది, ఇంకో పది రోజులు కాపలా తప్పదు. కానీ గురువారం న్యెపి, మా మౌన పండగ. ఆ రోజు మా ద్వీపమంతా నిప్పు వెలగదు, దీపం వెలగదు, పని లేదు, ప్రయాణం లేదు, ఎవరూ గడప దాటరు. విమానాలు కూడా దిగవు. ఫోన్లలో నెట్ కూడా ఆపేస్తారు. అధికారికి ఇవన్నీ తెలుసు, అయినా కాగితంలో ఉండాలని చెబుతున్నాను.

యుస్రోన్ ఒక ఫ్యాను విప్పుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "అక్కా, న్యెపికి చిన్నదాన్ని ఆపాలి కదా?"

"అదే చేస్తున్నా తమ్ముడూ. గురువారం వరస ఖాళీ చేస్తున్నా."

"మొత్తమా?"

"మొత్తం. ఇరవై నాలుగు గడులూ."

"మంచిది. లేకపోతే ఊరు నన్ను ఉప్పులో ఊరేస్తుంది" అని నవ్వాడు.

గురువారం గడులు ఇరవై నాలుగూ ఒక్కొక్కటిగా ఖాళీ చేశాను. రెండుసార్లు లెక్కపెట్టాను. 4:22కి భద్రపరిచాను. పుస్తకంలో రాశాను: "గురువారం మొత్తం ఖాళీ. 24." కింద గీత గీశాను.

తప్పు అక్కడే ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. మాకు రోజు పొద్దు పొడవగానే మొదలవుతుంది. న్యెపి గురువారం ఉదయం ఆరుకు మొదలై శుక్రవారం ఉదయం ఆరుకు ముగుస్తుంది. మా ఇంట్లో ఎవరైనా శుక్రవారం తెల్లవారుజామున ఐదు గంటలు అంటే, అది ఇంకా గురువారమే. ఇప్పటికీ నేను అలాగే లెక్కపెడతాను. యుస్రోన్ వాళ్లకు రోజు పొద్దు గుంకగానే మొదలవుతుంది. ఆ పేజీకి మాత్రం అందరూ నిద్రపోయాక, పన్నెండు గంటలకు మొదలవుతుంది. శుక్రవారం వరసలో ఐదు గంటల గడి ఎప్పటిలాగే నిండి ఉంది. నేను దాని వైపు చూడనేలేదు.

ఇప్పుడు ఎంతయిందో అడిగాను. 3:05 అన్నారు.

ఈ రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు నేను మేలుకునే ఉన్నాను. గదిలో బ్యాటరీ గడియారం ఉంది, ముళ్లు చీకట్లో పచ్చగా కనిపిస్తాయి. ఇంట్లో దీపం లేదు, ఊళ్లో దీపం లేదు. ఒక్క కుక్క కూడా మొరగడం లేదు. సరిగ్గా ఐదుకు పొలం వైపు నుంచి నా గొంతు వినిపించింది.

"హోయ్! సిగ్గులేదా? తిన్నది చాలు, లేచి పోండి!"

ముందు నేనే కలవరించాననుకున్నాను. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. నోరు మూసే ఉంది.

5:06కి మళ్లీ అరిచింది. దుప్పటి కింద ఫోను వెలిగించాను. అది కూడా తప్పే, రాసుకోండి. పేజీ తెరుచుకోలేదు. నెట్ ఆరుకు గానీ రాదు. ఎర్ర బటను ఉండే చోట తెల్లటి ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీదే నొక్కాను. చాలాసార్లు నొక్కాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

5:12. నా భర్త లేచి కూర్చున్నాడు.

"ఎవరది అరిచేది?"

"నేనే."

"నువ్వు ఇక్కడున్నావుగా?"

"చిన్నది."

బుధవారం సాయంత్రం సభామంటపంలో మైకు పట్టుకుని న్యెపి నియమాలు చదివింది అతనే. దీపం వెలిగించినా, గడప దాటినా, శబ్దం చేసినా ఊరి శిక్ష తప్పదని గట్టిగా చదివాడు.

"ఆపు" అన్నాడు.

"నెట్ లేదు. దాని మూత తాళం తీసి చేత్తో ఆపాలి. తాళంచెవి నా దగ్గరుంది."

"బయటికి వెళ్తావా? పేట పెద్ద పెళ్లాం న్యెపి నాడు పొలం గట్టున దొరికిందంటే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను? పడుకో. దానంతట అదే ఆగుతుంది."

"ఆగదు. గడి నిండి ఉంది."

5:18. 5:24. ప్రతిసారీ ఊరంతా నా గొంతే వింటోంది. పక్కింటి వదిన గోడ అవతల నుంచి గుసగుసగా అంది, "లస్మినీ, నీకు దణ్ణం పెడతా, నోరు ముయ్యవే." నేను మూసుకునే ఉన్నాను.

5:30కి ఆరోసారి అరిచింది. 5:31కి నేను లేచాను. తాళంచెవి ఎర్ర దారంతో మెడలో వేసుకున్నాను. ఫోను నడుం దగ్గర దోపుకున్నాను. నా భర్త వద్దనలేదు, వెళ్లమనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెనక గడప దాటాను. దీపం లేకుండా నడిచాను. 5:36కి ఏడోసారి అరిచినప్పుడు బాతుల పాక దగ్గర ఉన్నాను. పాక నుంచి రోబో దారికి పన్నెండు అడుగులు. ఇదీ మధ్యాహ్నం కొలిచాను.

అప్పటికే అక్కడ యుస్రోన్ ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని రోబో మూత తాళం ఊడదీయాలని చూస్తున్నాడు. కుడిచేతిలో స్క్రూడ్రైవరు, ఎడమచేతిలో వెలిగించిన ఫోను. వాళ్ల ఉపవాస మాసం కదా, తెల్లవారుజాము భోజనం ముగించి, ప్రార్థన చేసుకుని వచ్చాడు. ఫోను వెలుతురుకి వేళ్లు కనిపించాయి, ఇంకా తడిగా ఉన్నాయి. ఆ తాళం స్క్రూడ్రైవరుకు రాదు. బాతులు ముక్కుతో తెరవకుండా నేనే పెద్ద తాళం వేయించాను. నేను పిలవబోయాను. అప్పుడే అవతలి గట్టు మీద టార్చి వెలుగు కనిపించింది. నేను పాక వెనక్కి జరిగాను. ఎందుకు జరిగానో మీరు అడిగారు. కాళ్లు జరిగాయి, అంతే.

వచ్చింది ఇ కెతుత్ దార్సా. ఊరి కావలివాడు, వయసు యాభై రెండు, గళ్లపంచె, చేతిలో కర్ర. పరుగెత్తుకొచ్చి రొప్పుతున్నాడు.

"దొరికావురా! గంట నుంచి నన్నే తిడుతున్నావా? నేను తింటే నీకేంట్రా?"

"అన్నా, మిమ్మల్ని కాదు. పిట్టల్ని."

"చీకట్లో పిట్టలేంట్రా? కావలి చావిట్లో రెండు బిస్కెట్లు నోట్లో పెట్టుకున్నానో లేదో, సిగ్గులేదా అని అరిపిస్తావా? న్యెపి అంటే నీకు ఎగతాళా?"

"కాదన్నా, దీన్ని ఆపుదామనే వచ్చా. నా దగ్గర తాళంచెవి లేదు."

"మరి ఎవరి దగ్గరుంది?"

యుస్రోన్ మళ్లీ తాళం మీదికి వంగాడు. తాళంచెవి నా మెడలో ఉంది. పట్టుకుంటే వేడిగా అనిపించింది.

5:42కి ఎనిమిదోసారి అరిచింది, దార్సా మొహం ముందే. దీపం కళ్లలో పడింది. అతను కర్ర ఎత్తి బొమ్మ భుజం మీద కొట్టాడు. చెక్కల దారి చివర అది ఎప్పుడూ తిరిగే చోట తిరిగింది. చేతి కాగితాలు అతని మొహానికి తగిలాయి. అతను వెనక్కి అడుగు వేశాడు. వెనక గట్టు లేదు, కాలువ ఉంది.

ఇక్కడ నెమ్మదిగా చెబుతాను, ఇది సరిగ్గా రాయాలి. తోశాడని దార్సా చెప్పాడట, కానీ యుస్రోన్ అతన్ని తొయ్యలేదు. దార్సా పడబోతుంటే యుస్రోన్ ఫోను వదిలేసి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది. దార్సా పడ్డాడు. యుస్రోన్ కూడా కాలువలోకి దూకి, అతని తల నీటి పైకి ఎత్తి పట్టుకున్నాడు. దార్సా మణికట్టు విరిగింది పడ్డప్పుడు రాయి తగిలే. దార్సా అబద్ధం చెబుతున్నాడని నేను అనను. చీకట్లో, పడుతున్నప్పుడు ఒంటి మీద ఒక చెయ్యి పడితే, అది లాగిందో తోసిందో పడేవాడికి తెలియదు. పన్నెండు అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. నేను నిలబడ్డాను.

నిలబడే ఉన్నాను. వెళ్లలేదు. 5:48కి తొమ్మిదోసారి. 5:50కి ఇంకో ఇద్దరు కావలివాళ్లు వచ్చి, దార్సాను పైకి లాగి, యుస్రోన్ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. స్క్రూడ్రైవరు నేల మీద చూసి "పొడవడానికి తెచ్చాడు" అన్నారు. కింద పడ్డ ఫోను తీసి అతని జేబులోనే కుక్కారు. 5:54కి పదోసారి. ఆరు గంటలకు పదకొండోసారి.

ఆరుకు నా నడుము దగ్గర ఫోను అదిరింది. ఒకటి కాదు, రోజంతా ఆగిన సందేశాలన్నీ ఒకేసారి వచ్చాయి. నెట్ వచ్చింది. పేజీ తెరిచాను. ఎర్ర బటను కనిపించింది. 6:01కి నొక్కాను. రోబో ఆగింది. దీపం ఆరింది.

కావలివాడు ఒకడు అరిచాడు. "చూశారా, ఆగింది! నెట్ రాగానే ఆపేశాడు! మీట వీడి దగ్గరే ఉంది!"

"వాడి చేతులు నేను పట్టుకుని ఉన్నానురా, ఎలా ఆపుతాడు?" అన్నాడు ఇంకొకడు.

"జేబులోంచే ఆపుంటాడు. వీళ్లకి అన్నీ వస్తాయి."

నేను ఆపితే అతను ఆపాడన్నారు. అది మీ కాగితాల్లో మొదటి సాక్ష్యంగా ఉందని విన్నాను. ఆ సాక్ష్యం నా వేలు.

యుస్రోన్ అప్పుడు బాతుల పాక వైపు చూశాడు. నన్ను చూశాడు. అప్పటికి కొంచెం తెల్లవారింది. నా మెడలో ఎర్ర దారం కూడా కనిపించే ఉంటుంది. అతను మళ్లీ తల దించుకున్నాడు. 6:04కి నేను ఇంటికి చేరాను. వాకిలి ఊడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను.

సభామంటపంలో 8:30కి ఊరివాళ్లందరూ ఉన్నారు. ఎస్సైగారు, "రోబో నడిపేది మీ భార్య కదా, ఆమె ఎక్కడుంది ఆ టైముకి?" అని నా భర్తను అడిగారు. నేను నోరు తెరిచేలోపు అతను చెప్పాడు. "మా ఆవిడ ఆరు దాకా గడప దాటలేదండి. ఆపమని మంగళవారమే పెట్టేసింది. పుస్తకంలో కూడా రాసుకుంది." నేను తలూపాను. యుస్రోన్‌ను అడిగితే, "నాకు తెలియదు" అన్నాడు. పాస్‌వర్డు చెప్పమంటే చెప్పలేదు. అందుకే ఇంకా అనుమానం పెరిగింది. ఆ పేజీ తెరిస్తే ఏ ఆజ్ఞ ఎప్పుడు, ఎవరి పేరుతో, ఎవరి ఫోను నుంచి వెళ్లిందో వరసగా ఉంటుంది. అతనికి ఆ సంగతి తెలుసు. తెరిస్తే నా పేరు వస్తుందనే పాస్‌వర్డు చెప్పలేదు. నన్ను ఎందుకు కాపాడాడని అడిగారు. నాకు తెలియదు. ప్రతి ఏడూ వాళ్ల పండక్కి ఒక డబ్బా కొబ్బరి బిళ్లలు చేసి ఇస్తాను. అంతకు మించి నేనేమీ చెయ్యలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు అతని గదికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. తెల్లవారుజామున తిన్న పళ్లెం నేల మీదే ఉంది, చీమలు పట్టాయి. పక్కన ఒక సంచి సర్ది ఉంది. సంచి మీద బస్సు టికెట్టు, దాని మీద 5:30 అని ఉంది. పళ్లెం కడిగి బోర్లించాను. తర్వాత ఇంటికి వెళ్లి స్టేషనుకు వెళ్తానని నా భర్తకు చెప్పాను.

"వెళ్తే ఊరు మనతో మాట్లాడడం మానేస్తుంది, తెలుసా? పెళ్లికి పిలవరు, చావుకి రారు."

"తెలుసు."

"నన్ను పెద్దరికం నుంచి తీసేస్తారు."

"తీసేస్తారు."

"ఏమిటే ఇది, ముప్పై ఏళ్లలో ఎన్నడూ ఇలా ఎదురు చెప్పలేదు."

"పొద్దున్నే పదకొండు సార్లు చెప్పాను. ఊరంతా విన్నారు."

అతను చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి స్కూటరు బయటికి తీశాడు. ఇప్పుడు గేటు బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి రానా అని అడిగాడు. వద్దన్నాను.

3:40కి అధికారి ముందే నా పాస్‌వర్డుతో పేజీ తెరిచాను. మంగళవారం 4:22, పట్టిక మార్పు, లస్మిని. శుక్రవారం 6:01, ఆపు, లస్మిని, నా ఫోను నంబరు. యుస్రోన్ పేరుతో మార్చి రెండు తర్వాత ఏమీ లేదు. అధికారి ఆ వరసల ఫోటో తీసుకున్నారు. నా నీలం అట్ట పుస్తకంతో పోల్చి చూశారు. రెండూ కలిశాయి.

రోబో ఇప్పుడు స్టేషను వెనక గదిలో సాక్ష్యంగా ఉంది. ఎర్ర బటను ఆ రోజుకే ఆపుతుంది, దాని శనివారం గడులు ఇంకా నిండే ఉన్నాయి. అలాగే వదిలితే రేపు ఐదుకు ఇక్కడ అరుస్తుంది. అధికారి నవ్వి, "మా కాపలావాడికి అవసరమేలెండి" అన్నారు. నేను నవ్వలేదు. అన్ని వరసలూ ఖాళీ చేశాను. ఈసారి శనివారం ముందూ వెనకా కూడా చూశాను. గొంతు చెరిపెయ్యమంటారా అని అధికారి అడిగారు. ఉంచండి, అది నాదే అన్నాను.

ఊరు వేసే శిక్షకు నేను ఒప్పుకుంటాను. న్యెపి నాడు గడప దాటింది నేను, ఫోను వెలిగించింది నేను, పట్టిక తప్పుగా పెట్టింది నేను. యుస్రోన్ ఆ గట్టు మీదికి వచ్చింది నా తప్పును ఆపడానికి. ఒక విన్నపం ఉంది, వీలైతే రాయండి. అతన్ని విడిచిపెట్టేటప్పుడు వెనక గేటు నుంచి పంపొద్దు. ముందు గేటు దగ్గర మా ఊరివాళ్లు ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నుంచి పంపండి. స్కూటరు ఉంది. బస్సు దగ్గర నా భర్త దించుతాడు. అతన్ని ఇంకా అడగలేదు, కానీ దించుతాడు.

దీన్ని నాకు చదివి వినిపించారు. వినిపించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఒక చోట "నా భర్త చెప్పినట్టు" అని ఉంటే కొట్టేయించాను. ఇందులో ఉన్న ప్రతి మాటా నేను చూసినది, చేసినది, నా నోటితో చెప్పినది. నా తరపున ఎవరూ తలూపలేదు, ఎవరి తరపునా నేను తలూపలేదు. పొద్దున చేసిన సంతకం అబద్ధానికి పనికొచ్చింది కాబట్టి, ఈసారి సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేస్తున్నాను. ఎర్ర బటను నొక్కిన వేలే, కుడిచేతి చూపుడు వేలు.

అప్పగించినవి: తాళంచెవి ఒకటి, ఎర్ర దారంతో. నీలం అట్ట పుస్తకం ఒకటి.

ముగిసిన సమయం సాయంత్రం 4:26. బస్సు 5:30కి.

(సంతకం) ని వయాన్ లస్మిని
(వేలిముద్ర)